చాదస్తం అనే ముందు

ఆ ఏడు మా అమ్మ ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేసింది.

యాభై ఏళ్లుగా ఏటా వైశాఖంలో కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ తెప్పించి, ముక్క కొట్టించి, జీడి తీసి, పొడి గుడ్డతో ఒక్కో ముక్కా తుడిచి కలిపే మనిషి. ఇంట్లో కొలతకి ఇత్తడి తవ్వ ఉంది కానీ అది మాకు నేర్పడానికే. ఉప్పూ కారం ఆవపిండీ ఆవిడకి అరచేతి బరువుతోనే తెలిసిపోతాయి. ఆ రోజు పెరటి అరుగు మీద బేసిన్ ముందు కూర్చుని ఉప్పు వేసింది. లేచి లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. మళ్లీ దోసిలితో ఉప్పు తీసి వేసింది.

"అమ్మా, ఇందాకే వేశావు కదా" అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూసి, "వేశానా అక్కా?" అంది.

మా పెద్దమ్మ పోయి అప్పటికి పదకొండేళ్లు.

ఆ మాటకి ముందు మూడు వారాలుగా చిన్నచిన్నవి జరుగుతూనే ఉన్నాయి. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, నడుస్తూ గోడ పట్టుకోవడం, చెప్పిందే చెప్పడం, మధ్యాహ్నం అన్నం తిన్నాక "ఇవాళ వంట ఏం చేద్దాం" అనడం. టౌన్‌లో ఒక డాక్టరుగారికి చూపించాం. ఆయన బీపీ చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి, "డెబ్బై ఆరు వచ్చాయి కదమ్మా, ఈ వయసులో కాస్త చాదస్తం మామూలే" అని జ్ఞాపకశక్తికి ఒక మాత్ర రాశారు. నేను తలూపి వచ్చేశాను. ఇంటర్ పిల్లలకి ఇరవై ఆరేళ్లుగా జువాలజీ చెబుతున్నదాన్ని. పీయూష గ్రంథి (పిట్యూటరీ) పాఠం ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. అలాంటిదాన్ని, ఆ గ్రంథే మా అమ్మలో మొత్తుకుంటుంటే వినలేదు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది.

ఉప్పు రెండుసార్లు వేసిన రాత్రే వాంతులు మొదలయ్యాయి. తెల్లవారేసరికి పిలిస్తే కళ్లు తెరుస్తోంది, మాట లేదు. కాకినాడ తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్నది చిన్న పిల్ల, ఇరవై అయిదుంటాయేమో. అమ్మని చూడగానే ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. "మామ్మగారు బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారండీ? నీళ్లు ఎంత తాగుతున్నారు?" మాత్రల అట్ట తీసి చూపించాను. పేరు చివర హెచ్ అనే అక్షరం మీద వేలు పెట్టి, "ఇందులో నీటి మాత్ర కలిసి ఉందండీ, సోడియం చూద్దాం" అంది. గంటలో రిపోర్టు వచ్చింది. 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం 116 ఉంది.

మా పెరట్లో అప్పటికి ఆవకాయ కోసం ఎండబోసిన రాళ్లుప్పు మూడు కిలోలు దుప్పటి మీదే ఉంది.

మన ఇళ్లలో ఇది ఎంత మామూలుగా జరిగే విషయమో ఆ తర్వాత తెలిసింది. "మా మావయ్యగారికి కూడా ఉప్పు పడిపోయిందండీ", "మా అత్తగారు వారం రోజులు ఐసీయూలో ఉన్నారు, సోడియమే" అంటూ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో సగం మంది చెప్పారు. అందరి కథలోనూ ముందు ఎవరో ఒకరు "వయసండీ" అన్నారు. రాత్రికి రాత్రే వచ్చిన తికమకని కూడా వయసు ఖాతాలో వేశారు. నేను వాదించదలుచుకున్నది ఇక్కడే. ముసలితనంలో మతి తగ్గడం అనేదాన్ని మనం ఒకటే ముద్దగా చూస్తున్నాం. ఆ ముద్దలో కొంత భాగం హార్మోన్ల స్పందన మారడం వల్ల వచ్చేది. అందులో కొంత వెనక్కి తిప్పగలిగేది, కొంత నెమ్మదింపజేయగలిగేది. దాన్ని చాదస్తం అని వదిలేయడం ఒక తప్పు. పరీక్ష కాగితం మీద అంకె చూసి హార్మోన్ మాత్ర వేసేయడం రెండో తప్పు. మనం పొద్దున ఒకటి చేసి సాయంత్రం రెండోది చేస్తున్నాం.

పీయూష గ్రంథి బఠాణీ గింజంత ఉంటుంది. బరువు అర గ్రాము చుట్టుపక్కల. ముక్కు మొదలుకి వెనకగా, పుర్రె అడుగు ఎముకలో గుర్రపు జీను ఆకారంలో ఉన్న చిన్న గుంటలో కూర్చుంటుంది. పైనున్న హైపోథాలమస్ అనే మెదడు భాగం నుంచి సన్నని కాడతో వేలాడుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని ప్రధాన గ్రంథి అంటాయి. నా లెక్కలో ఇది అధికారి కంటే గుమాస్తాకి దగ్గర. పైనుంచి వచ్చిన చీటీ చదివి కిందికి ఆర్డరు వేస్తుంది, కింద పని అయిందో లేదో చూసి ఆర్డరు ఆపుతుంది. ఈ ఆపడాన్నే తెలుగు మీడియం పుస్తకంలో పునఃశ్చరణ యాంత్రికం అంటాం. పిల్లలు ఆ మాటని బట్టీ కొట్టి రాసేస్తారు. నేను వాళ్లకి ఓవర్‌హెడ్ ట్యాంకు చెబుతాను. మోటారు వేయడం ఎవరికైనా వచ్చు, ట్యాంకు నిండాక ఎవరు కట్టేస్తారన్నదే ఇంట్లో గొడవ. వయసు మీద పడ్డాక శరీరంలోనూ అంతే. మోటారు ఆన్ అవుతూనే ఉంటుంది, ఆపడం ఆలస్యమవుతుంది.

వాసోప్రెస్సిన్ సంగతి చూడండి. ఇది హైపోథాలమస్‌లో తయారై పీయూష గ్రంథి వెనక తమ్మె నుంచి రక్తంలోకి వస్తుంది. రక్తం చిక్కబడితే విడుదలై, మూత్రపిండాలకి "నీళ్లు వదలొద్దు, పట్టి ఉంచు" అని చెబుతుంది. పెద్దవాళ్లలో ఈ హార్మోన్ అయిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 1978లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకీ పెద్దవాళ్లకీ గాఢమైన ఉప్పునీరు నరంలోకి ఎక్కించి చూస్తే ఫలితం తలకిందులుగా వచ్చింది. పెద్దవాళ్లలోనే వాసోప్రెస్సిన్ ఎక్కువగా ఎగిసింది. 1984లో ఇంకో బృందం ఏడుగురు కుర్రవాళ్లనీ, 67 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న ఏడుగురు ఆరోగ్యవంతులైన పెద్దమనుషుల్నీ 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచింది. పెద్దవాళ్ల రక్తం ఎక్కువ చిక్కబడింది, వాసోప్రెస్సిన్ ఎక్కువ పెరిగింది, అయినా దాహం మాత్రం తక్కువ వేసింది. చివర్లో నీళ్లిస్తే తక్కువే తాగారు.

పద్నాలుగు మందితో చేసిన ఆ చిన్న ప్రయోగం నాకు పెద్ద పుస్తకాల కంటే ఎక్కువ చెప్పింది. గ్రంథి గట్టిగా అరుస్తోంది. దాహానికి వినబడటం లేదు, మూత్రపిండం ఆ మాట సరిగ్గా పాటించలేకపోతోంది. ఎండాకాలం వడదెబ్బకి మన పల్లెల్లో ముందు పోయేది పెద్దవాళ్లే ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. "దాహం వేస్తే తాగుతారులే" అన్న మాట వాళ్ల విషయంలో పనిచేయదు.

ఇదే యంత్రం రెండో వైపు కూడా తిరగబడుతుంది. మా అమ్మకి జరిగింది అదే. వయసులో ఎక్కువైన నీటిని బయటికి పంపే శక్తి మూత్రపిండాలకి తగ్గుతుంది. వాసోప్రెస్సిన్ ఆగాల్సినంత ఆగదు. దాని మీద థయాజైడ్ రకం నీటి మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయించే మాత్ర పడితే సోడియం బయటికి పోతుంది, నీళ్లు లోపల మిగులుతాయి. దిగులుకి ఇచ్చే కొన్ని మాత్రలు, మూర్ఛకి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా వాసోప్రెస్సిన్ దారిలోనే సోడియాన్ని దించుతాయి. మా అమ్మ బీపీ అని చప్పిడి కూడు తింటోంది. పైగా ఎవరో ఫోన్‌లో పంపిన వీడియో చూసి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు లెక్కపెట్టి తాగుతోంది, సీసాల మీద గీతలు గీసుకుని మరీ. ప్రతిదీ విడివిడిగా మంచి సలహాయే. కలిసి ఆవిడ మెదడుని నీటిలో నానబెట్టాయి. రక్తంలో సోడియం తగ్గితే నీళ్లు కణాల్లోకి పోతాయి. మిగతా ఒళ్లు ఉబ్బినా చోటుంది. పుర్రెలో చోటు లేదు. అందుకే తలనొప్పి, వాంతి, తూలడం, మనుషుల పేర్లు తారుమారవడం.

సోడియం ఎక్కించేటప్పుడు కూడా చాలా నెమ్మదిగా ఎక్కించారు. రోజుకి 8, 10 పాయింట్లు దాటితే మెదడు కాండంలో నరాల తొడుగు దెబ్బతింటుందని ఆ డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ప్రతి ఆరు గంటలకీ రక్తం తీశారు. అయిదో రోజు పొద్దున నేను కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే మంచం మీంచి గొంతు వినబడింది.

"జాడీకి వాసెన కట్టావా?"

కట్టలేదు. ఆవకాయ సంగతే మర్చిపోయాం. "మూడో రోజు తిరగ్గలపాలని తెలీదే నీకు? ముక్క బూజు పట్టేసి ఉంటుంది" అని తిట్టింది. నేను ఏడుస్తూ నవ్వాను. మూడు వారాలుగా వయసు అనుకున్నది అయిదు రోజుల్లో వెనక్కి వెళ్లిపోయింది.

అన్నీ ఇలా వెనక్కి పోవని తెలుసు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అది నిజమైన జబ్బు, దాని దుఃఖం వేరు. సోడియమో థైరాయిడో బీ12నో సరిచేస్తే అల్జీమర్స్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఆ మాట ఒక మనిషి మీద ముద్ర వేసే ముందు, వందల రూపాయల్లో అయిపోయే రక్తపరీక్ష ఒకటి చేయించడం మన కనీస ధర్మం. హఠాత్తుగా రోజుల్లోనో వారాల్లోనో వచ్చిన మార్పు అయితే ఇంకా ముఖ్యం. చాదస్తం రాత్రికి రాత్రి రాదు.

ఇప్పుడు నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసిన రెండో హార్మోన్ దారికి వస్తాను. అదే ఒత్తిడి దారి.

భయమో ఆందోళనో కలిగితే హైపోథాలమస్ పీయూష గ్రంథికి చెబుతుంది, పీయూష గ్రంథి ఏసీటీహెచ్ వదులుతుంది, అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథుల చేత కార్టిసాల్ విడుదల చేయిస్తుంది. కార్టిసాల్ తిరిగి మెదడుకి చేరి "ఇక చాలు" అంటుంది. ఆ మాట వినే చోట్లలో ముఖ్యమైనది హిప్పోక్యాంపస్, కొత్త జ్ఞాపకాలు పోగుపడే చోటు. ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్ వెళ్లి హిప్పోక్యాంపస్‌కి అతుక్కుంటుందని 1968లో బ్రూస్ మెక్యూవెన్ చూపించినప్పటి నుంచి ఈ కథ మొదలైంది. 1986లో రాబర్ట్ సపోల్స్కీ ఆయనతో కలిసి ఒక వాదన పెట్టాడు. ఒత్తిడి హార్మోన్ ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే హిప్పోక్యాంపస్ దెబ్బతింటుంది, అది దెబ్బతింటే బ్రేకు సడలుతుంది, బ్రేకు సడలితే హార్మోన్ ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే తనని తానే తోసుకుంటూ పోయే చక్రం.

మనుషుల్లో దీన్ని ఓపిగ్గా చూసింది మాంట్రియల్‌లో సోనియా లూపియన్ బృందం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కార్టిసాల్‌ని ఏటా కొలుస్తూ కొన్నేళ్లు వెంబడించారు. కొందరిలో ఏటికేడు పెరుగుతూ చివరికి ఎక్కువగా నిలబడింది, కొందరిలో తగ్గుతూ మామూలు స్థాయిలో ఉంది. 1998లో వచ్చిన ఫలితం ప్రకారం, పెరిగినవాళ్ల హిప్పోక్యాంపస్ 14 శాతం చిన్నదిగా ఉంది, దానిమీద ఆధారపడే జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకబడ్డారు. నేను పట్టుకున్నది శాతాన్ని కాదు. ఒకే వయసు వాళ్లలో రెండు దారులు ఉన్నాయన్న సంగతిని. వయసే కారణమైతే అందరికీ ఒకేలా జరగాలి కదా.

హిప్పోక్యాంపస్ తగ్గడం వల్ల కార్టిసాల్ పెరిగిందా, కార్టిసాల్ పెరగడం వల్ల అది తగ్గిందా? చెట్టు ముందా విత్తు ముందా అన్న ప్రశ్నే. కొద్దిమంది మీద చేసిన పరిశీలనతో అది తేలదు. 2018లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2,231 మందిని, సగటున 48 ఏళ్ల వాళ్లని చూసినప్పుడు పొద్దుటి కార్టిసాల్ ఎక్కువున్నవాళ్లకి జ్ఞాపకశక్తి కాస్త తక్కువ, మెదడు పరిమాణం కాస్త తక్కువ ఉంది. అదీ సంబంధమే, కారణానికి రుజువు కాదు. అయినా జబ్బు లక్షణాలు లేని నడివయసులోనే ఆ తేడా కనబడటం తేలిగ్గా తీసుకోవాల్సింది కాదని నా అభిప్రాయం.

ఇక ఆడవాళ్ల సంగతి. ఆరోగ్యవంతుల మీద చేసిన 45 అధ్యయనాల్ని కలిపి 2005లో లెక్కగట్టారు. ఏదైనా సవాలు ఎదురైనప్పుడు కార్టిసాల్ ఎంత ఎగుస్తుందో చూస్తే, వయసుతో వచ్చే ఆ పెరుగుదల మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు. అంతకుముందు 1997లో వచ్చిన ఇంకో అమెరికా అధ్యయనంలో, మూత్రంలో కార్టిసాల్ పెరుగుతూ వచ్చిన పెద్ద వయసు ఆడవాళ్ల జ్ఞాపకశక్తి రెండున్నరేళ్లలో తగ్గింది. మగవాళ్లలో ఆ సంబంధం కనబడలేదు. ఇది చదివినప్పుడు మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన రెండేళ్లు గుర్తొచ్చాయి. రాత్రి రెండింటికి లేపి ఒక పక్కకి తిప్పడం, నాలుగింటికి ఇంకో పక్కకి. ఆ రెండేళ్లూ చేసింది అమ్మే. ఆవిడ ఏసీటీహెచ్ అప్పుడు ఎవరు కొలిచారు? మన ఇళ్లలో మంచాన పడ్డ మగవాడికి సేవ చేసేది భార్య. ఆవిడకి అరవై దాటి ఉంటాయి, ఆవిడ నిద్రకి ఎవరూ లెక్క చెప్పరు. పదేళ్ల తర్వాత ఆవిడ పేర్లు మర్చిపోతే "వయసు" అంటాం.

సోడియం సరయ్యాక రెండు నెలలకి, అమ్మకి జ్ఞాపకశక్తి పరీక్ష చేయిద్దామని ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. రెండున్నర గంటలు కారులో. తర్వాత టోకెను, లిఫ్టు, చలిపెట్టే ఏసీ గది. మధ్యాహ్నం మూడు దాటింది. ఎదురుగా టై కట్టుకున్న కుర్రాడు. చెడ్డవాడు కాదు, మర్యాదగానే మాట్లాడాడు.

"మామ్మగారూ, ఇవాళ తారీఖెంత?"

"తొలేకాదశి బాబూ."

"తారీఖు చెప్పండి."

"ఆషాఢ శుద్ధ ఏకాదశి. నిన్న దశమి."

అతను కాగితం మీద సున్నా పెట్టాడు. తర్వాత 100 లోంచి 7 తీసేసుకుంటూ పొమ్మన్నాడు. అమ్మ 93 అని ఆగిపోయింది. వెయ్యి కొబ్బరికాయల ధర చెబితే మూడు వందల అరవై కాయలకి ఎంతో వ్యాపారి కంటే ముందు చెప్పే మనిషి. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నా వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. తనకి పిచ్చి పట్టిందని తేల్చడానికి తీసుకొచ్చామని అనుకుందట, తర్వాత చెప్పింది.

మాంట్రియల్ బృందమే 2013లో దీన్ని పరీక్షకి పెట్టింది. ప్రయోగశాలలో పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి కొలిచే పద్ధతే వాళ్లని ఒత్తిడికి గురిచేస్తోందా అన్నది వాళ్ల ప్రశ్న. ఎరగని చోటికి రప్పించి, మధ్యాహ్నం పూట, కుర్రవాళ్ల చేత పరీక్ష పెట్టిస్తే పెద్దవాళ్ల కార్టిసాల్ పెరిగింది, జ్ఞాపకశక్తి తగ్గింది. వాళ్లకి అనువైన చోట, అనువైన వేళ, అనువైన మనిషి పెడితే కార్టిసాల్ తక్కువ, గుర్తుండటం మెరుగు. కుర్రవాళ్లలో ఈ తేడా రాలేదు. మనం మతిమరుపు కొలుస్తున్నామనుకుని కొంతవరకు భయాన్ని కొలుస్తున్నాం. నేను అమ్మని తీసుకెళ్లిన తీరు చూస్తే, ఆ ప్రయోగంలో చెడ్డ పక్షానికి ఏమేం కావాలో అన్నీ నేనే సమకూర్చాను.

తిథి చెప్పిన మనిషికి కాలం తెలియదని ఎలా అంటాం? ఈ పరీక్షలు మొదట చదువుకున్న పాశ్చాత్యుల కోసం తయారయ్యాయి. తెలుగులోకి, తక్కువ చదువుకున్నవాళ్లకి మార్చే పని మన నాడీవైద్యులు చేస్తూనే ఉన్నారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో చూపింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ కలగలిసిన వీధుల్లో పెరిగినవాళ్లు ఇచ్చిన సాక్ష్యం అది. బడికి పోని బుర్రకి కూడా నిలవ బలం ఉంటుందని దాన్నిబట్టే నాకు నమ్మకం కుదిరింది. ఆ బలాన్ని పట్టుకునే ప్రశ్నలు మన జిల్లా ఆస్పత్రుల దాకా రావాలి.

రెండో తప్పు గురించి. ఈ మధ్య మా వీధిలో అరవై దాటిన ఆడవాళ్లలో థైరాయిడ్ మాత్ర వేసుకోనివాళ్లు తక్కువ. ఆ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ కూడా పీయూష గ్రంథి హార్మోనే, థైరాయిడ్‌ని పని చేయమని చెప్పేది. అది పెరిగితే థైరాయిడ్ తగ్గిందని అనుకుంటారు. వయసుతో పాటు మామూలుగానే కాస్త పెరుగుతుంది. అమెరికా జాతీయ సర్వే లెక్కల్లో 80 దాటిన, థైరాయిడ్ జబ్బు లేనివాళ్లలో పై హద్దు సుమారు 7.5 దాకా పోయింది. మన ల్యాబు కాగితం మీద మాత్రం ముప్ఫై ఏళ్లవాళ్లకీ ఎనభై ఏళ్లవాళ్లకీ ఒకటే హద్దు, నాలుగు నాలుగున్నర దగ్గర. 5.8 వస్తే పక్కన నల్లగా అచ్చు వేస్తారు. ఇంట్లో కంగారు, మర్నాటి నుంచి మాత్ర. యూరప్‌లో 65 దాటిన 737 మంది మీద జరిపి 2017లో ప్రచురించిన ప్రయోగంలో, ఇలా స్వల్పంగా పెరిగినవాళ్లకి థైరాయిడ్ మాత్ర ఇస్తే టీఎస్‌హెచ్ దిగింది, నీరసం తగ్గలేదు, ఆలోచన చురుకుదనమూ పెరగలేదు. అంకె బాగుపడింది, మనిషికి ఒరిగిందేమీ లేదు. నిజంగా థైరాయిడ్ తగ్గినవాళ్లకి ఆ మాత్ర ప్రాణాధారం. ఇది చదివి ఎవరూ సొంతంగా మానేయకండి. వేసుకునే ముందు "నా వయసుకి ఇది ఎక్కువేనా డాక్టరుగారూ, ఇంకోసారి చూసి చెబుతారా" అని అడిగే హక్కు మీకుంది.

మిగతా హార్మోన్ల కథలు ఇంతకంటే పాఠం నేర్పుతాయి. 1990లో 61 నుంచి 81 ఏళ్ల మగవాళ్లు 12 మందికి ఆరు నెలలు గ్రోత్ హార్మోన్ ఇచ్చి, కండ పెరిగి కొవ్వు తగ్గిందని ప్రచురించగానే "యవ్వనం సూది" వ్యాపారం మొదలైంది. ఆ ప్రయోగం బుర్ర చురుకుదనాన్నీ చూడలేదు, ఆయుష్షునీ చూడలేదు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని వయసు మతిమరుపున్న 493 మంది మగవాళ్లలో ఏడాదిపాటు పరీక్షించి 2017లో చెప్పింది ఒక్కటే, జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. 65 దాటిన 4,532 మంది ఆడవాళ్లకి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే ఆడ హార్మోన్లు కలిపి ఇచ్చిన పెద్ద ప్రయోగంలో, 2003 నాటికి మందు తీసుకున్నవాళ్లలో 40 మందికి, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 21 మందికి డిమెన్షియా వచ్చింది. మతిని కాపాడుతుందని ఆశించి ఇచ్చిన మందు అది. ఎలుకల్లో ఎఫ్ఎస్‌హెచ్‌ని, అంటే అండాల ఎదుగుదలని నడిపే పీయూష గ్రంథి హార్మోన్‌ని అడ్డుకుంటే జ్ఞాపకశక్తి మెరుగుపడిందని 2022లో వచ్చింది, అది ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. కాస్త ఆశ కలిగించింది వేరే దారి. గ్రోత్ హార్మోన్‌నే ఇవ్వకుండా, దాన్ని వదలమని పీయూష గ్రంథికి చెప్పే సంకేతాన్ని 152 మంది పెద్దవాళ్లలో 20 వారాలు పరీక్షిస్తే ఆలోచనా సామర్థ్యం కొంత మెరుగుపడిందని 2012లో సియాటిల్ బృందం చూపింది. చిన్నది, తక్కువకాలంది. అయినా నా వాదనకి అది దగ్గరగా ఉంది. ట్యాంకులో బకెట్లతో నీళ్లు పోయడం వేరు, మోటారు వేసే కట్టేసే వేళని సరిచేయడం వేరు.

ఆ వేళ సరిచేయడానికి మందుల షాపు అక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. కార్టిసాల్ పొద్దున ఎత్తుగా ఉండి అర్ధరాత్రికి అడుగంటాలి. వయసుతో ఆ అడుగు పైకి లేస్తుంది. రాత్రి పూట పూర్తిగా దిగదు. ఒక రాత్రి నిద్ర తగ్గితే మర్నాటి సాయంత్రం కార్టిసాల్ పెరుగుతుందని యువకుల్లోనే చూశారు. పెద్దవాళ్ల సంగతి వేరే చెప్పాలా? మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడి మధ్యాహ్నం భోజనం వేళ మనకి రాత్రి పదిన్నర. ఏడేళ్లుగా అమ్మ ఎనిమిదిన్నరకి తినేసి, ఫోను గుండెల మీద పెట్టుకుని రెండు గంటలు కూర్చునేది. ఒక్కోరోజు మీటింగులో ఇరుక్కుని వాడు చేసేవాడు కాదు. ఆ రాత్రి ఆవిడ పడుకునేది కాదు. "ఏమైందో ఏమో" అని నన్ను లేపేది. వాడికీ నాకూ ఆ రెండు గంటల ఎదురుచూపు ఒక లెక్కలోది అనిపించలేదు. ప్రేమగా మాట్లాడుతున్నాడు కదా, అంతే అనుకున్నాం.

ఆస్పత్రి నుంచి వచ్చాక వాడికి ఇదంతా చెప్పాను. ముందు కాస్త నొచ్చుకున్నాడు. తర్వాత మాట్లాడకుండా వేళ మార్చాడు. ఇప్పుడు మనకి పొద్దున ఏడింటికి చేస్తాడు, వాడికి అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు కూడా ఉంటారు. అమ్మ తొమ్మిదిన్నరకల్లా నిద్రపోతోంది. బీపీ మాత్ర మారింది, నీటి మాత్ర లేనిది ఇచ్చారు. నీళ్లు ఎంత తాగాలో డాక్టరమ్మ గ్లాసుల్లో చెప్పింది, ఎండాకాలానికి ఒక లెక్క, మిగతా రోజులకి ఒక లెక్క. మూడు నెలలకోసారి సోడియం చూపిస్తున్నాం. జ్ఞాపకశక్తి పరీక్ష మళ్లీ చేయించాం, ఈసారి మా ఊళ్లోనే, పొద్దున పూట, మా కాలేజీలో పనిచేసి రిటైరైన మేడంగారి చేత. తారీఖు అడిగితే మళ్లీ తిథే చెప్పింది. మేడంగారు పంచాంగం తీసి చూసి మార్కు వేశారు. పేర్లు కొన్ని ఇప్పటికీ జారిపోతున్నాయి. కళ్లజోడు ఎక్కడ పెట్టిందో రోజూ వెతుకుతుంది. అది వయసే కావచ్చు. దాంతో నాకు పేచీ లేదు.

మొన్న వైశాఖంలో మళ్లీ ఆవకాయ పెట్టాం. ముక్కలు కలిపే రోజు బేసిన్ ముందు కూర్చోబోతూ నన్ను పిలిచి, "నువ్వు పక్కన కూర్చుని లెక్క పెట్టు, నేను వేస్తాను" అంది. నేను ఒకటి, రెండు అని పైకి అంటూ ఉంటే ఒక్కో దోసిలీ వేసింది. మూడో రోజు తిరగ్గలిపి, నూనె పైకి తేలిందా లేదా చూసి, చిటికెడు పిండి నాలుక మీద వేసుకుంది. అప్పుడే ఏడైంది, ఫోను మోగింది. ఎడమ చేత్తో పట్టుకుని, "ఆగరా, ఉప్పు చూస్తున్నాను" అంది తమ్ముడితో.